దస్తావేజులో ఎనిమిది భోగాలు, చేతిలో ఎన్ని? మన భూమి మీద మన హక్కు తేల్చుకునే పద్ధతి

విజయనగరం కోర్టు ఎదుట టీ కొట్టు దగ్గర నెలకు రెండు మూడుసార్లయినా ఈ మాట వింటాను: “పుస్తకం నా పేరునే ఉంది కదా బావూ, మరింకేటి కావాల?” పుస్తకమంటే పట్టాదారు పాస్‌పుస్తకం. ఆ మాట అన్నాయన అమాయకుడేం కాదు. కాకపోతే అవతలిపక్షం దగ్గరా ఏదో ఒకటి ఉంటుంది. ఒకరి దగ్గర రిజిస్టరు దస్తావేజు, ఇంకొకరి దగ్గర ఇంటిపన్ను రసీదుల కట్ట. మూడో ఆయన దగ్గర కాగితమే ఉండదు గానీ పొలంలో దున్నుతున్న ట్రాక్టరు ఆయనదే. ఎవరికి వారు తామే యజమానులమని గట్టిగా నమ్ముతారు.

ఇరవై ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. ఆస్తి చట్టం మొదటి పాఠాలు తెలియక వచ్చిన తగాదాలే వాటిలో ఎక్కువ. అందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు భూముల్ని దృష్టిలో పెట్టుకుని, ఏది ముందు చూడాలో ఏది తర్వాత చూడాలో వరసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ‘నాది’ అంటే ఏమిటో విడదీసి చూడండి

మా తాత 1968లో చీపురుపల్లి వైపు 1 ఎకరం 20 సెంట్ల పల్లం భూమి కొన్నారు. ఆ దస్తావేజు మడతల దగ్గర చిరిగి, గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో ఉండేది. అందులో లేఖరి రాసిన వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: “నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగములతోను, దాన వినిమయ విక్రయాది సర్వ స్వాతంత్ర్యములతోను, పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవలయును.”

చిన్నప్పుడు అదేదో మంత్రమనుకున్నాను. లా చదివాక తెలిసింది, యాజమాన్యం అంటే ఏమిటో ఇంతకంటే పొందిగ్గా చెప్పడం కష్టమని. భూమి ఒకటే గానీ దాని మీద హక్కులు చాలా. నేలలో దాగిన ధనం, దాచిపెట్టిన సొత్తు, నీరు, రాయి, తరగని ఆదాయం, రేపు రాబోయేది, ఇప్పటికే చేతికొచ్చింది, కష్టపడితే రాబట్టగలిగింది. వీటికి తోడు దానమివ్వడం, మార్పిడి చేసుకోవడం, అమ్ముకోవడం, పిల్లలకు వదలడం. ఈ పుల్లలన్నీ కట్టిన మోపే యాజమాన్యం. కట్టు విప్పి ఏ పుల్లకాపుల్ల వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. కౌలుకిస్తే స్వాధీనం, పంట కౌలు రైతువి. అమ్మే హక్కు మాత్రం మీ దగ్గరే ఉంటుంది. బ్యాంకులో తనఖా పెడితే సాగు మీదే, కానీ అప్పు కట్టకపోతే అమ్మించే హక్కు బ్యాంకుది.

కొన్ని పుల్లల్ని ప్రభుత్వమే తీసేసుకుంది. ‘నిధి’ అని దస్తావేజులో రాసున్నా, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. ‘జలం’ మీదే అయినా బోరు వేయడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అడ్డొస్తుంది. ‘పాషాణం’ సంగతి టెక్కలి వైపు నీలి గ్రానైటు ఉన్నవాళ్లనడగండి, గనుల శాఖ అనుమతి లేకుండా రాయి కదలదు. అసలు ఆస్తి హక్కే 1978లో 44వ రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి బయటికొచ్చి 300-ఏ అధికరణం కిందికి చేరింది. చట్టం చూపించి, పరిహారమిచ్చి భూమి తీసుకోవచ్చు. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

కాబట్టి మొదటి పని, ఒక తెల్లకాగితం తీసుకుని ఈ ఐదు రాయండి: స్వాధీనం, అనుభవం, ఇతరుల్ని రానివ్వకపోవడం, బదిలీ, వారసత్వం. మీ భూమి విషయంలో ఒక్కొక్కటి ఇప్పుడెవరి చేతిలో ఉందో ఎదురుగా రాయండి. ఐదింటి ఎదురుగా మీ పేరే వస్తే అదృష్టవంతులు.

రెండో మెట్టు: చరాస్తా, స్థిరాస్తా?

ఇది చిన్న విషయమే గానీ డబ్బులతో ముడిపడింది. 100 రూపాయలు, ఆ పైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ అదే చెబుతుంది. చరాస్తికి ఆ బాధ లేదు. మామిడితోట అమ్మితే స్థిరాస్తి. ఈ ఏడు కాపు మాత్రమే అమ్మితే చరాస్తి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉద్దానంలో కొబ్బరిచెట్టు నేలలో ఉండి కాయలిస్తున్నంత కాలం స్థిరాస్తి. కలప కోసం కొట్టడానికి సిద్ధమైన టేకు చెట్టు చరాస్తి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెట్టు మీది కాయనే కాదు, చెట్టులోని రసాన్నీ చరాస్తిగానే లెక్కేసింది. అంటే తాటిచెట్టు స్థిరం, అందులోని కల్లు చరం. నవ్వొచ్చినా చట్టం అదే.

మూడో మెట్టు: భూమి ఏ జాతిదో తెలుసుకోండి

దస్తావేజు ఎంత పక్కాగా ఉన్నా భూమి జాతి తప్పయితే అంతా బూడిదలో పోసిన పన్నీరే.

మన జిల్లాల్లో ఎక్కువ భాగం ఒకప్పుడు జమీందారీ. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి సంస్థానాల కింద ఉన్న ఊళ్లు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో రైత్వారీలోకి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే పద్ధతిలోకి, మారాయి. ఆ మార్పప్పుడు జరిగిన సెటిల్‌మెంట్‌లో ఎవరి పేరు, ఏ వర్గం రాశారో అదే చాలా ఊళ్లకు మూలం. ఎస్టేటు గ్రామాలకు అప్పటి భూముల రిజిస్టరైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, మిగతా వాటికి పాత సర్వే, సెటిల్‌మెంట్ రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్ చూడాలి. తహసీల్దారు ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టండి. ఈనాటి వెబ్‌సైటులో ‘జిరాయితీ’ (సొంత పట్టా భూమి) అని కనిపించినా, పాత రికార్డులో ‘గెడ్డ పోరంబోకు’, అంటే వాగు కింది ప్రభుత్వ భూమి, అని ఉంటే తగాదా అక్కడే మొదలవుతుంది.

జిరాయితీ అయితే మంచిదే, అమ్మొచ్చు, కొనొచ్చు. డి-పట్టా, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి అయితే జాగ్రత్త. తరతరాలుగా అనుభవించొచ్చు గానీ అమ్మకాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. 2023లో సవరణ వచ్చింది, 20 ఏళ్లు దాటినవాటికి వీలుందని బ్రోకర్లు ఊదరగొడతారు. నిషేధ జాబితాలోంచి ఆ సర్వే నంబరును తీసేసినట్టు రాతపూర్వకంగా చూడందే అడ్వాన్సుగా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ జాబితానే అందరూ ‘22-ఏ’ అంటారు. రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, దేవుడి మాన్యాలు, వక్ఫ్ భూములు పెడతారు. ఆ జాబితాలో ఉన్న నంబరును సబ్ రిజిస్ట్రారు రిజిస్టరు చేయరు.

గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఇల్లుంటే పట్టా లేదని కంగారు పడొద్దు, ఉండకపోవడమే మామూలు. అక్కడ పాత దస్తావేజులు, ఇంటిపన్ను, కరెంటు బిల్లులు, ఎన్నేళ్లుగా ఉంటున్నారన్న సాక్ష్యం కలిపి చూస్తారు.

ఇక ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక షెడ్యూల్డ్ ప్రాంతాలు చాలావరకు అటే వెళ్లాయి గానీ, మన మైదానం వాళ్లకు అటు బేరాలు ఆగలేదు. అక్కడ 1959 నాటి భూమి బదిలీ నిబంధన, దాన్ని సవరించిన 1970 నాటి 1వ నిబంధన (1/70) అమల్లో ఉన్నాయి. గిరిజనేతరుడు గిరిజనుడి దగ్గర కొనకూడదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గరా కొనకూడదు. ‘ముందు గిరిజనుడి పేరున పెట్టి తర్వాత చూసుకుందాం’ అనే సలహా ఎవరైనా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

నాలుగో మెట్టు: హక్కు ఎలా పుట్టింది?

తనకు లేని హక్కును ఎవడూ ఇంకొకడికి ఇవ్వలేడు. ఆస్తి చట్టం మొత్తానికి ఇరుసు ఈ ఒక్క మాటే. కాబట్టి అమ్మేవాడికి ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. కొన్నదా, దానంగా వచ్చిందా, పంపకంలో వచ్చిందా, వీలునామాతోనా, వారసత్వమా, ప్రభుత్వం ఇచ్చిందా? దానానికి రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. వీలునామాకు ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్టరు చేయకపోయినా చెల్లుతుంది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని, జరిగిపోయిన పంపకాన్ని గుర్తుకోసం జాబితాగా రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే పంచుకుంటే మాత్రం కావాలి. ఈ తేడా కాగితంలోని క్రియాపదంలో ఉంటుంది: ‘పంచుకున్నాము’ అన్నారా, ‘ఇందుమూలముగా పంచుకొనుచున్నాము’ అన్నారా అన్నది కోర్టులో పెద్ద చర్చే అవుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది వారసత్వం. మా ఇంటి లెక్కే చెబుతాను.

తాత సొంత డబ్బుతో కొన్న ఆ 1 ఎకరం 20 సెంట్లకు వీలునామా రాయకుండా 1990లో పోయారు. నానమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం నలుగురూ సమాన వారసులే. తలకు 30 సెంట్లు. 2004లో నానమ్మ పోయింది, ఆమె కూడా ఏమీ రాయలేదు. ఆమె 30 సెంట్లు ముగ్గురు పిల్లలకు పదేసి చొప్పున పోతే, ఒక్కొక్కరికి 40 సెంట్లయింది. కానీ ఊళ్లో జరిగింది వేరు. పెద్దకొడుకని మొత్తం పుస్తకం మా నాన్న పేరునే ఎక్కింది. 2011లో ఆయన ఆ భూమి బేరం పెట్టారు. కొనేవాళ్ల ప్లీడరు ఒక్కటే అడిగాడు: “మీ చెల్లెలి సంతకం ఏదండీ?”

నాన్నకు కోపం వచ్చింది. ఆడపిల్లకు పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా అన్నారు. పెళ్లిలో ఇచ్చిన బంగారం పంపకం కాదని నేనే చెప్పాల్సొచ్చింది. ఆ వారమంతా ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి అత్త వచ్చింది. “ఇన్నాళ్లకి నా సంతకం కావాల్సొచ్చిందేటి అన్నయ్యా?” అని నవ్వింది. నవ్వుతూనే తన 40 సెంట్ల డబ్బు లెక్కగట్టి తీసుకుంది. ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆ సంతకం లేకుండా నాన్న ఒక్కరే అమ్మేసుంటే, కొన్నవాళ్లకు దక్కేది 40 సెంట్లు మాత్రమే. అదీ ఫలానా మడి అని చూపించలేని వాటా. పంపకం దావా వేసి విడదీయించుకోవాల్సిందే.

ఇది తాత స్వార్జితం కాబట్టి లెక్క సులువు. తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తయితే కూతుళ్లకు పుట్టుకతోనే కొడుకులతో సమానమైన హక్కు. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి ఈ సవరణ వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికుండాలన్న షరతు లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన రాష్ట్రంలో అయితే అంతకుముందే, 1985 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు ఇచ్చారు. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ లెక్కలు వేరు, వాళ్ల చట్టం ప్రకారం విడిగా చూడాలి.

మీరు చేయాల్సింది: అమ్మేవాడి వంశవృక్షం కాగితం మీద గీయించండి. పోయినవాళ్ల పక్కన పోయిన సంవత్సరం, ఆడపిల్లల పక్కన వాళ్లు ఇప్పుడున్న ఊరు రాయించండి. వాటా వద్దనేవాళ్లు ఉంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించండి. ‘నాకేమీ వద్దు’ అని ఫోనులో అన్న మాటకు విలువ లేదు.

ఐదో మెట్టు: కాగితాల గొలుసు

ఇప్పటి దస్తావేజు నుంచి వెనక్కి వెళ్లండి. కనీసం 30 ఏళ్లు, దొరికితే ఇంకా వెనక్కి. ప్రతి లింకులో అమ్మినవాడు అంతకుముందు కొన్నవాడే అయ్యుండాలి. నకలు కాదు, అసలు చూపించమనండి. అసలు పోయిందంటున్నారంటే బ్యాంకులో ఉందేమోనని అనుమానించండి. దస్తావేజులు బ్యాంకు చేతికిచ్చి అప్పు తెచ్చుకోవడం కూడా తనఖాయే.

ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, తప్పకుండా తీయండి, కానీ అదే సర్వస్వం అనుకోవద్దు. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. తెల్లకాగితం ఒప్పందాలు, నోటి పంపకాలు, రిజిస్టరు కాని వీలునామాలు, వారసుల హక్కులు కనిపించవు. కోర్టులో దావా నడుస్తుండగా కొంటే, దావా ఫలితానికి కొన్నవాడూ కట్టుబడాలి. అందుకే అమ్మేవాడి పేరు మీద కేసులున్నాయేమో కోర్టు రికార్డులోనూ వెతికించండి.

జీపీఏ (ఒకరి తరఫున వ్యవహరించడానికిచ్చే అధికారపత్రం) మీద ‘అమ్మకాలు’ యాజమాన్యాన్ని ఇవ్వవని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అమ్మకం అగ్రిమెంటు కూడా అంతే, దానివల్ల భూమి మీది కాదు, రిజిస్టరు చేయించమని అడిగే హక్కు మాత్రమే వస్తుంది. ఆ దావాకు గడువు మూడేళ్లు. అగ్రిమెంటు పట్టుకుని పదేళ్లు కూర్చున్నవాళ్లను చూస్తే ఏం చెప్పాలో తోచదు.

ఆరో మెట్టు: రెవెన్యూ రికార్డు విలువ ఎంత?

మళ్లీ టీ కొట్టు ప్రశ్న దగ్గరికి వద్దాం. 1971 నాటి పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం హక్కుల రికార్డులో ఉన్నది నిజమనే అనుకోవాలి, తప్పని ఎవరైనా రుజువు చేసేదాకా. అంతవరకే. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్చడం, కొత్త హక్కును పుట్టించదు, ఉన్న హక్కును నమోదు చేస్తుందంతే. మా నాన్న పేరున పుస్తకం ఉన్నంత మాత్రాన అత్త 40 సెంట్లు పోలేదు కదా. అలాగని పుస్తకం దండగ కాదు. అప్పుకీ పంట నష్టపరిహారానికీ సాక్ష్యానికీ అదే ఆధారం. తప్పుంటే తహసీల్దారుకు, ఆపైన ఆర్డీవోకు, జాయింట్ కలెక్టరుకు వెళ్లొచ్చు. అసలు హక్కే తేల్చాలంటే సివిల్ కోర్టే.

రిజిస్ట్రేషన్ కూడా భూమి మీద ప్రభుత్వ గ్యారంటీ కాదు. సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది పత్రాన్ని. హక్కుకే హామీ ఇస్తామంటూ తెచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమల్లోకొచ్చి, పెద్ద రగడ తర్వాత 2024లో రద్దయింది. కాబట్టి ఇప్పటికీ హక్కు పరిశీలించే బరువు కొనేవాడిదే.

1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (ఏ నంబరులో ఎవరు ఏం సాగు చేస్తున్నారో చెప్పే రికార్డు) ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటులో చూడండి. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబరు స్థానంలో కొత్త ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబరు, అంటే ఎల్‌పీఎం నంబరు వచ్చింది. పాత దస్తావేజుకూ కొత్త నంబరుకూ పొంతన ఎక్కడుందో ముందే రాయించుకోండి, విస్తీర్ణంలో సెంటు తేడా వచ్చినా అప్పుడే అడగండి.

ఏడో మెట్టు: గట్టు మీద నడవండి

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని పొలం చూడకుండా కొనేవాళ్లున్నారు. తాత దస్తావేజులో తూర్పు హద్దు ‘చింతచెట్టు’. ఆ చెట్టు తుపానుకు ఎప్పుడో పడిపోయింది. దాని మోడు ఎక్కడుండేదో చెప్పగలిగింది పక్కపొలం ముసలాయన ఒక్కడే. హద్దులకూ విస్తీర్ణానికీ తేడా వస్తే సాధారణంగా హద్దులకే విలువ. అందుకే సర్వేయరుతో కొలిపించి, చుట్టుపక్కల రైతుల్ని పిలిచి, వాళ్ల ఎదుటే రాళ్లు పాతించండి.

అక్కడే నాలుగు విషయాలు అడగండి. దున్నుతున్నదెవరు, కౌలా, పాలా (పంటలో వాటా పద్ధతా)? 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద యజమాని సమ్మతితో 11 నెలల పత్రం ఇస్తారు. దానివల్ల యాజమాన్యం పోతుందన్న భయం అక్కర్లేదు. పొలానికి బండిదారి ఎవరి గట్టు మీదుగా? నీళ్లు ఎవరి మడిలోంచి దిగుతాయి? 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా, బాహాటంగా వాడుకున్న దారి పక్కవాడికి హక్కయి కూర్చుంటుంది. మీరు కొన్నాక కంచె వేస్తే ఊరుకోరు. చివరిది, కరెంటు లైను, కాలువ, శ్మశానానికి వెళ్లే బాట. వీటి గురించి దస్తావేజులో ఒక్క ముక్కా ఉండదు.

ఎనిమిదో మెట్టు: వలస వెళ్లినవాళ్లకు ప్రత్యేకం

మన వైపు సగం ఊళ్లలో తాళం వేసిన ఇళ్లే. చెన్నై, హైదరాబాదు, గల్ఫ్. భూమి బంధువుల చేతిలో ఉంటుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, యజమాని హక్కును కాదంటూ బాహాటంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు స్వాధీనంలో ఉంటే యజమాని హక్కే పోతుంది. ప్రభుత్వ భూమికైతే 30 ఏళ్లు. ఇది విని అందరూ భయపడతారు గానీ, అనుమతితో ఉన్నవాడికి ఈ హక్కు రాదు. కాపలాదారుకు రాదు, కౌలుదారుకు రాదు. ఉమ్మడి వాటాదారు ఒక్కడే సాగు చేసుకుంటున్నా, మిగతావాళ్లను బాహాటంగా కాదనేదాకా అది అందరి తరఫున సాగే.

కాబట్టి అనుమతిని కాగితం మీద పెట్టండి. తమ్ముడైనా బావమరిదైనా ఏడాదికొకసారి తేదీతో కౌలు చీటీ రాసుకోండి, డబ్బు బ్యాంకులో వేయించుకోండి. మన రాష్ట్రంలో కౌలు పత్రానికి, ఏడాదికి లోపుదైనా, రిజిస్ట్రేషన్ కావాలి. ఎవరైనా మిమ్మల్ని బలవంతంగా వెళ్లగొడితే 6 నెలల్లోపు దావా వేస్తే, యాజమాన్యం సంగతి పక్కనపెట్టి ముందు స్వాధీనం ఇప్పించే వీలు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్లో ఉంది. ఊళ్లో పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఆ ఆరు నెలలూ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

చివరి మెట్టు: రాయించడం, ఎక్కించడం

దస్తావేజులో సర్వే నంబరు, ఉంటే ఎల్‌పీఎం నంబరు, నాలుగు హద్దులు, దారి హక్కు, నీటి హక్కు, లింకు దస్తావేజుల నంబర్లు ఉన్నాయో లేదో సంతకానికి ముందు మీరే చదవండి. లేఖరి చదివి వినిపించింది సరిపోదు. 20,000, ఆ పైన మొత్తాన్ని నగదుగా ఇవ్వకండి, ఆదాయపు పన్ను చట్టంతో చిక్కు. సంతకాలయ్యాక నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి. ఆ తర్వాత 90 రోజుల్లో రెవెన్యూ వాళ్లకు తెలియజేసి, పేరు ఎక్కిందో లేదో 1-బిలో మీరే చూసుకోండి. లింకు దస్తావేజుల అసళ్లు అమ్మినవాడి దగ్గర వదిలేయకండి. అతను మొత్తం కాకుండా కొంత భాగమే అమ్మి, అసలు తనకే కావాలంటే, అవసరమైనప్పుడు చూపిస్తానని దస్తావేజులోనే రాయించి, సర్టిఫైడ్ నకళ్లు తీసుకోండి. వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో ఉంచండి. మా తాత దస్తావేజులో ‘సాధ్యము’ అన్న మాట దగ్గర చెదపురుగు కొట్టేసింది.